టేకాకులో ఉప్పు

దయ్యాల మాట ఎత్తినవాళ్ళతో నేను ఎప్పుడూ వాదించేవాణ్ణి. ఉక్కు కర్మాగారంలో ఎలక్ట్రికల్ మెయింటెనెన్సులో చాలా ఏళ్ళుగా పనిచేస్తున్నాను. మోటారు ఆగిపోయిందంటే ఎక్కడో తీగ కాలి ఉంటుంది, లేదా బేరింగు పట్టేసి ఉంటుంది. కారణం దొరకలేదంటే మనం సరిగ్గా వెతకలేదని అర్థం. మా విభాగంలో ఒకాయన, పాత షెడ్డు దగ్గర ఎవరో తిరుగుతున్నారని చెప్తే టార్చి పట్టుకుని వెళ్ళి చూసొచ్చాను. ఊడిపోయిన రేకు గాలికి కొట్టుకుంటోంది. మేకు కొట్టించాను, అంతటితో ఆ దయ్యం పోయింది.

అందుకే ఇప్పుడు రాస్తున్నది నాకే ఇబ్బందిగా ఉంది. ఇది మా బావ గురించి.

మా బావ పేరు సింహాచలం. మా పార్వతక్క భర్త. పోర్టులో క్రేను ఆపరేటరు. పొద్దంతా ఆకాశంలో ఒక గాజు గదిలో ఒంటరిగా కూర్చుని చేసే పని అది. దిగొచ్చాక మాత్రం మనిషి కుదురుగా ఉండేవాడు కాదు. తగరపువలస దగ్గర, గోస్తనీ ఒడ్డున పుట్టాడు. నీళ్ళంటే పిచ్చి.

బీచ్‌లో కయాక్‌లనే చిన్న పడవలు అద్దెకిచ్చే చోట ఇద్దరం తెడ్డు వేయడం నేర్చుకున్నాం. తర్వాత ఊరు వదిలి వెళ్ళిపోతున్న ఒకాయన దగ్గర ఫైబర్ కానూ ఒకటి కొన్నాడు బావ. కానూ అంటే మన దోనె లాంటిదే. సన్నగా, తేలిగ్గా ఉంటుంది. ఇద్దరు కూర్చుని, ఒంటి రెక్క తెడ్లతో నడుపుకోవాలి. దాన్ని కారు మీద తాళ్ళతో కట్టుకుని, ఎస్.కోట దారిన తాటిపూడి రిజర్వాయరుకు వెళ్ళేవాళ్ళం. గట్టు దగ్గర కానూ దింపి, అందులో టెంటు, దుప్పట్లు, బియ్యం, గిన్నెలు సర్దుకుని, బండి దారి లేని అవతలి ఒడ్డుకు తెడ్డు వేసుకుంటూ పోవడం, అక్కడ వండుకుని, పడుకుని, మర్నాడు తిరిగి రావడం. మా సరదా అంతా ఇంతే. చెప్తే చాలామందికి అందులో ఏముందో అర్థమయ్యేది కాదు.

అవతలి ఒడ్డున కొండ వాలు మీద నాలుగిళ్ళ ఊరొకటి ఉంది. అందులో మొదటి ఇల్లు సన్యాసమ్మ అనే ముసలావిడది. మేం దిగే చోటుకు పైనే ఉంటుంది. ఆవిడ దగ్గర పుల్లలో, కందో, చిలగడ దుంపలో, చోళ్ళో తెచ్చుకునేవాళ్ళం; మా వైపు రాగుల్ని చోళ్ళంటారు. బావ ఆవిడ ఇంటి అరుగు మీద కూర్చుంటే ఒక పట్టాన లేచేవాడు కాదు. అతని కబుర్లకు ఆవిడ నవ్వుతూనే ఉండేది.

ప్రతి శీతాకాలం బావ అక్కను రమ్మని బతిమాలేవాడు. "ఒక్కసారి రాయే. నీళ్ళ మజ్జినికెల్లాక ఎంత నిశ్శబ్దంగా ఉంటాదో సూద్దువు గాని," అనేవాడు. అక్కకు నీళ్ళంటే చచ్చేంత భయం. మాది సబ్బవరం దగ్గర మెట్ట ఊరు, చిన్నప్పుడు చెరువులో కూడా దిగేది కాదు. "మీరిద్దరూ ఎల్లి రండి, నాను ఇంటికాడ కూర వండి ఉంచుతాను," అనేది. ఏటా ఇదే మాట, ఏటా ఇదే నవ్వు.

తర్వాత బావకు దగ్గు పట్టుకుంది. మొదట మంచులో తిరిగినందుకు అనుకున్నాం. ఊపిరితిత్తులు గట్టిపడిపోతున్నాయని, అది వెనక్కి తిరిగే జబ్బు కాదని డాక్టర్లు చెప్పారు. ఎందుకొచ్చిందని అడిగితే, కొందరికి కారణం ఏదో తెలియకుండానే వస్తుందన్నారు. ముందు క్రేను నిచ్చెన ఎక్కలేకపోయాడు. ఆ తర్వాత ఇంటి మేడ మెట్లు. చివరికి మంచానికీ బాత్రూమ్‌కీ మధ్య కుర్చీ వేసి ఉంచాల్సి వచ్చింది, మధ్యలో కూర్చోడానికి. ఆక్సిజన్ యంత్రం పగలూ రాత్రీ గుర్రుమంటూ ఉండేది. మాట్లాడితే రెండు మాటలకు ఒకసారి ఆగేవాడు. అంత కబుర్ల మనిషి, సైగలు నేర్చుకున్నాడు.

వర్షాలు వెనకబట్టాక పోయాడు.

అక్క గట్టిగా ఏడవలేదు. అందరూ అదే చెప్పుకున్నారు. తిండి మాత్రం మానేసినంత పని చేసింది. కంచం ముందు కూర్చుంటుంది, నాలుగు మెతుకులు కెలుకుతుంది, లేచిపోతుంది. ఏడాది తిరిగేసరికి గాజులు మోచేతి దాకా జారేంత చిక్కిపోయింది. పిల్లలు లేరు. మా ఇంటికి వచ్చి ఉండమంటే వచ్చేది కాదు. ఆయన ఉన్న ఇల్లు వదిలి రానంది.

సంవత్సరీకం అయ్యాక, ఒక శనివారం సాయంత్రం నాకు ఫోన్ చేసింది.

"రేపూ ఎల్లుండీ నీకు సెలవే కదరా? ఆ పడవ ఏసుకుని మీరెల్లే చోటుకి నన్ను తీసుకెల్తావా?"

నేను విన్నది నమ్మలేక మళ్ళీ అడిగాను. "ఒక్కసారి సూసొస్తాను," అంది. నేను గుచ్చి అడగలేదు. ఆ సంగతి నా భార్యకు తప్ప ఎవరికీ చెప్పలేదు. తాటిపూడి గట్టు మీద నాకు తెలిసినవాళ్ళ నంబర్లు కూడా నా దగ్గర లేవు. ఇది ఎందుకు చెప్తున్నానో తర్వాత తెలుస్తుంది.

ఆదివారం పొద్దున్నే బయల్దేరాం. వంట సామాను అక్కే సర్దింది. మిగిలినవి నేను చూసుకున్నాను. గట్టు దగ్గర లైఫ్ జాకెట్ తొడిగి, ముందు సీట్లో కూర్చోబెట్టాను. బావ ఉన్నప్పుడు అది నా చోటు. వెనక కూర్చున్నవాడే కానూను మళ్ళిస్తాడు, అది అతని పని. ఇప్పుడు అక్కడ నేను కూర్చున్నాను.

కానూ ఒడ్డు వదలగానే అక్క రెండు వైపులా అంచులు పట్టేసుకుంది. వేళ్ళు తెల్లబడిపోయాయి. కళ్ళు మూసుకుందని వెనకనుంచే నాకు తెలిసింది. సరిగ్గా నీళ్ళ మధ్యకు వెళ్ళాక తెడ్డు ఆపాను. బావ ఎప్పుడూ అక్కడ ఆపేవాడు. గాలి లేదు. కొండలు నీళ్ళలో తలకిందులుగా ఉన్నాయి. "కళ్ళు తెరువక్కా," అన్నాను. చాలాసేపటికి తెరిచింది. తెడ్డు మళ్ళీ వేయమని చేత్తో సైగ చేసింది.

మధ్యాహ్నానికి ఒడ్డు చేరాం. టెంటు వేశాను. పాత రాళ్ళు మూడు అక్కడే ఉన్నాయి, మసి కూడా పోలేదు. పొద్దు వాలుతుండగా అక్క పొయ్యి ముట్టించి ఎసరు పెట్టింది. నేను పుల్లలు విరుస్తున్నాను.

అప్పుడు సన్యాసమ్మ వాలు దిగి రావడం చూశాను. బావకు జబ్బు చేశాక మేం అటు వెళ్ళలేదు. ఆవిడను చూసి చాలాకాలమైంది. బావ పోయిన కబురు ఆవిడకు చేరే దారి లేదు, ఆ ఊరికి ఫోన్ సిగ్నలే లేదు. ఆవిడకు ఎలా చెప్పాలా అని ఆలోచిస్తూనే లేచి నిలబడ్డాను.

ఆవిడ నన్ను దాటి నేరుగా అక్క దగ్గరకు వెళ్ళింది. ఆ ఇద్దరూ అంతకుముందు ఎప్పుడూ ఒకరినొకరు చూడలేదు.

"నువ్వేనా సిమ్మాచలం ఇంటిదానివి?" అంది.

అక్క తలూపింది. ఆవిడ కొంగుముడి విప్పి టేకాకు పొట్లం ఒకటి తీసి అందించింది. "ఇదిగో, ఉప్పు. మరిసిపోనావంట కదా."

"లేదు మామ్మా, తెచ్చాను," అని అక్క సంచి దగ్గరకు వెళ్ళింది. ఒక్కొక్క డబ్బా తీసింది. పసుపు ఉంది, కారం ఉంది, చింతపండు, పోపు సామాను, ఉల్లిపాయలు ఉన్నాయి. నేను వెళ్ళి సంచులన్నీ టార్పాలిన్ మీద బోర్లించాను. టెంటు సంచి కూడా దులిపాను. ఉప్పు లేదు.

"నీకెవరు చెప్పారు?" అని అడిగాను.

"ఇంకెవలు సెప్తారు. మీ బావే. నిన్న పొద్దుట సోళ్ళు ఆరబోత్తంటే వచ్చినాడు. మా ఇంటిది రేపొత్తంది మామ్మా, నీళ్ళంటే బయం దానికి, ఆ బయంలో ఉప్పు మరిసిపోద్ది, కూసింత అట్టుకెల్లి ఇయ్యి అన్నాడు."

నాకు ముందు వచ్చింది కోపం. ఎవరో పరాచికాలాడుతున్నారనుకున్నాను. అంతలోనే, ముసలావిడ కదా, ఎప్పటి మాటో నిన్నటిది అనుకుంటోందని సరిపెట్టుకోబోయాను. నిన్న పొద్దుటికి మేం వస్తామని మాకే తెలియదు. అక్క నాకు ఫోన్ చేసింది సాయంత్రం.

నేను ఆవిడతో అసలు సంగతి చెప్పబోతుంటే అక్క నా చెయ్యి పట్టుకుని ఆపింది. చేతులు కొంగుకు తుడుచుకుని, ఆవిడకు ఎదురుగా నేల మీద కూర్చుంది.

"ఎలగున్నాడు మామ్మా?"

"ఎలగుంటాడు, ఎప్పట్లాగే ఉన్నాడు."

"ఆయాసపడతన్నాడా? మాటాడతా మాటాడతా మజ్జిలో ఆగిపోనాడా?"

"ఆయాసమేటి తల్లీ? నీళ్ళ కాడ నుంచి ఈ మెట్టంతా ఎక్కి వచ్చినాడు. గడగడా మాటాడినాడు. ఆడి మాటలకి అడ్డేటున్నాది?"

"దగ్గు?"

"దగ్గూ లేదు, ఏటీ లేదు."

అక్క ఇంకొకసారి అడిగింది, దగ్గలేదా అని. ఆవిడ ఇంకొకసారి లేదంది.

అక్క ఫోన్ తీసి ఫోటో చూపించింది. చివరి నెలల్లో తీసినది, ముక్కుకు గొట్టం ఉన్న ఫోటో. సన్యాసమ్మ ఫోన్‌ను దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూసింది. "ఈయనే. ఇందులో మరీ సిక్కిపోనాడు. నిన్న ఇలగ లేడు," అంది. తర్వాత నీళ్ళ వైపు చూసి, "ఆడు రాలేదేటి మరి?" అని అడిగింది.

"పనుంది, రాలేదు," అంది అక్క.

ఎందుకలా చెప్పిందో నేను తర్వాత కూడా అడగలేదు. ఆ ఒక్క సాయంత్రం, ఒక్క మనిషి దగ్గరైనా ఆయన బతికి ఉండాలనుకుందేమో.

ఆవిడ మళ్ళీ వాలు ఎక్కి వెళ్ళిపోయింది. అన్నం మాడు వాసన వస్తే అక్క లేచి దింపింది. చింతపండు, ఉల్లిపాయలతో పులుసు పెట్టింది. పొట్లం విప్పి ఉప్పు వేసింది. రాళ్ళుప్పు, కొంచెం తడిగా ఉంది.

చీకటి పడకముందే తిన్నాం. అక్క కంచంలోకి చూస్తూ, నెమ్మదిగా అంది: "నా కల్లోకైనా రాలేదురా. ఏడాదైంది. పడుకునే ముందు రోజూ అడుగుతాను, ఒక్కసారి రమ్మని. ఇక్కడికొచ్చి, ఎవలో ముసిలమ్మకి ఉప్పిమ్మని సెప్పినాడంట."

ఆమె ఏడుస్తూ తిన్నది. ఏడుస్తూనే మారు వడ్డించుకుంది. ఏడాదిలో ఆమె మారు పెట్టుకోవడం అదే మొదటిసారి. నాకు ఆ పూట భయం వేయలేదు. ఆమె కంచం వైపే చూస్తూ కూర్చున్నాను.

తెల్లారాక, మంచు ఇంకా నీళ్ళ మీద ఉండగానే వాలు ఎక్కి సన్యాసమ్మ ఇంటికి వెళ్ళాం. అక్క అరుగు మీద కూర్చుని, ఉన్న మాట చెప్పేసింది. "మామ్మా, నిన్న నీతో అబద్దం సెప్పినాను. మా ఆయన పోయి ఏడాది దాటింది."

ఆవిడ చేతిలో చేట కింద పెట్టింది. నా ముఖం చూసింది, అక్క ముఖం చూసింది. భయపడుతుందనుకున్నాను. భయం కనిపించలేదు. ఏదో లెక్క కుదరని మనిషిలా ఉండిపోయింది.

"సచ్చిపోనోడికి ఆకలేత్తదేటి?" అంది చివరికి. "అంబలి అడిగి తాగినాడు. ఇంకాసిని పొయ్యిమన్నాడు కూడాను."

లోపలికి వెళ్ళి స్టీలు గ్లాసు ఒకటి తెచ్చి చూపించింది. దాంట్లోనే తాగాడంది. కడిగేసిన గ్లాసు, చూడడానికి ఏమీ లేదు. నేను మాత్రం తిప్పి తిప్పి చూశాను. ఎక్కడ కూర్చున్నాడని అడిగితే, అక్క కూర్చున్న చోటే చూపించింది. అక్క లేవలేదు. అరుగు మీద అరచెయ్యి ఆనించింది. తర్వాత ఆ గ్లాసులోనే అంబలి పోయమని అడిగి తాగింది.

మేం బయల్దేరేటప్పుడు సన్యాసమ్మ ఒడ్డు దాకా వచ్చింది. కానూ నీళ్ళలోకి తోశాక, తల మీద కొంగు తీసి ముఖానికి అడ్డం పెట్టుకుంది. అప్పుడే ఆవిడకు బావ పోయాడన్న మాట నిజంగా తాకినట్టుంది.

ఇంటికొచ్చి చూస్తే ఉప్పు డబ్బా గ్యాస్ గట్టు మీద ఉంది. సంచిలో పెట్టడానికని విడిగా తీసి, అక్కడే వదిలేసింది అక్క.

ఆ తర్వాత నేను ఊరుకోలేదు. మోటారు ఆగితే వెతికినట్టే వెతికాను. ఎవరైనా వచ్చి సన్యాసమ్మతో తానే సింహాచలాన్నని చెప్పి ఉంటారా? ఎందుకు చెప్తారు, ఉప్పు సంగతి ఎలా తెలుస్తుంది? గట్టు మీద మమ్మల్ని చూసి ఎవరైనా కబురు పంపారా? మేం గట్టుకు చేరింది ఆదివారం, ఆవిడ చెప్పింది శనివారం పొద్దుట. ఆవిడకు రోజులు తప్పాయేమోనని ఇంకో వారం ఒక్కణ్ణే వెళ్ళి అడిగాను. చోళ్ళు ఆరబోసిన రోజే అంది. పక్కింటి ఆయన్ను అడిగితే, ఆవిడ ఆరబోసింది శనివారమేనన్నాడు. ఎవరైనా వచ్చారా అంటే, తాను కొండ మీదికి పోయానని, చూడలేదని చెప్పాడు.

నా భార్య మరో మాట అంది. కొత్తవాళ్ళు వంటకు వస్తే ఎవరైనా ఏదో ఒకటి మర్చిపోతారు, ఊరికే ఉప్పు తెచ్చిస్తే పోయేదేముంది, మిగిలింది ముసలావిడ మనసులో అల్లుకున్నది అని. ఇది కొంత నమ్మబుద్ధి అవుతుంది. కానీ ఒడ్డున కనిపించిన ఆడమనిషి ఫలానావాడి భార్యేనని ఆవిడకెలా తెలిసింది? అంత దూరం నుంచి నన్ను గుర్తుపట్టి ఊహించిందా? ఏమో. అక్కకు నీళ్ళంటే భయమని బావ ఎప్పుడో చెప్పి ఉండొచ్చు. ఇలా ఒక్కొక్కటి విడివిడిగా సర్దుకోగలను. అన్నీ కలిపి చూస్తే సర్దుకోలేకపోతున్నాను.

అక్క ఈ వెతుకులాటలోకి రాలేదు. మళ్ళీ అన్నం తినడం మొదలుపెట్టింది, అది చాలనుకున్నాను.

తర్వాతి శీతాకాలం, మళ్ళీ వెళ్దామని తనే అడిగింది. ఈసారి కానూలో అంచులు పట్టుకోలేదు. తెడ్డు కూడా తీసుకుని, వంకర టింకరగా కొంచెం దూరం వేసింది. అదే ఒడ్డు, అవే రాళ్ళు. పొద్దు వాలుతుండగా ఎసరు పెట్టింది. ఉప్పు అందిద్దామని నేను సంచిలో చెయ్యి పెట్టాను. లేదు.

అక్క వైపు చూశాను. ఆమె పొయ్యి వైపే చూస్తోంది. అప్పుడు అర్థమైంది. బయల్దేరేముందు ఉప్పు డబ్బా నేనే నా చేత్తో సంచిలో పెట్టాను. తీసేసింది తను.

ఇద్దరం వాలు వైపు చూస్తూ కూర్చున్నాం. మేకలు దిగాయి, ఎక్కాయి. పైన ఇళ్ళ దగ్గర పొగ లేచింది. అన్నం ఉడికింది. ఎవరూ రాలేదు. నేను వెళ్ళి సన్యాసమ్మను అడిగి తెస్తానని లేవబోతే, "వద్దు, కూకో," అంది.

ఉప్పు లేని పులుసుతో తిన్నాం. అక్క ఒక్క మెతుకు మిగల్చకుండా తినేసి, కంచం కడుక్కుంది.

పొద్దున్నే సన్యాసమ్మ మమ్మల్ని చూసి గబగబా దిగొచ్చింది. రాత్రి వచ్చామని తనకు తెలియలేదంది. అక్క అడగకముందే తనే చెప్పింది. "మళ్ళీ రాలేదమ్మా. నాను రోజూ సూత్తన్నాను. అంబలి ఉంచుతున్నాను."

అక్క ఆవిడ భుజం మీద చెయ్యి వేసింది. ఇద్దరూ అలా నీళ్ళ వైపు చూస్తూ నిలబడ్డారు.

తిరిగి వస్తుంటే, నీళ్ళ మధ్యకు వచ్చాక అక్క వెనక్కి తిరగకుండానే అడిగింది, "అప్పుడొచ్చినాడు కదా, ఇప్పుడెందుకు రాలేదురా?" అని. కారణం లేకుండా ఏదీ జరగదని జీవితమంతా చెప్పుకు తిరిగినవాణ్ణి నేను. అప్పుడు ఎలా వచ్చాడో నాకు తెలియదు. ఇప్పుడు ఎందుకు రాలేదో కూడా తెలియదు. తెడ్డు వేస్తూ ఉండిపోయాను.